బట్టీ గోడ

మా వీధి పేరు చెబితే టాక్సీ వాళ్ళు మలుపు దగ్గరే దింపేసేవాళ్ళు. ఇక్కణ్ణుంచి దగ్గరేగా అమ్మా అనేవాళ్ళు, ఒక చేత్తో బండి వెనక్కి తిప్పుకుంటూనే. దగ్గరే, కాదనను. కానీ సంచులు మోసుకుంటూ నడిచేది నేను. ఇల్లు కొంటామని ఫోను చేసినవాళ్ళయితే మలుపు దాకా కూడా వచ్చేవాళ్ళు కాదు. వీధి పేరు వినగానే వాళ్ళకి ఎక్కడెక్కడి పనులూ గుర్తుకొచ్చేవి.

ఆ ఎండాకాలం మేం ఇల్లు అమ్మకానికి పెట్టాం. ఇల్లు అత్తయ్య పేరున ఉంది. పట్టుదల నాది. మా ఆయన ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టే మనిషి. సిటీ బస్సు డ్రైవరు కదా, పగలంతా హారన్లు విని వచ్చి, ఇంట్లో ఎవరి గొంతూ లేవకుండా ఉంటే చాలనుకునేవాడు.

నా పట్టుదలకి కారణం మా పిచ్చుక. ఏడేళ్ళ పిల్ల, అసలు పేరు బడిలో తప్ప ఎక్కడా వినిపించదు. సెలవులు ఇవ్వబోయే ముందు వాళ్ళ టీచరు నన్ను పిలిపించింది. అల్లరి చేసిందేమో అనుకుని క్షమాపణలు నోట్లో సిద్ధం చేసుకుని వెళ్ళాను. అల్లరి కాదట. గాలికి తలుపు ధడేలుమంటే మా పిల్ల సంచీ తీసుకుని బెంచీ కిందకి వెళ్ళి, గోడకి వీపు ఆనించి కూర్చుంటుందట.

"ఏడిస్తే ఊరుకోబెట్టొచ్చండీ. ఏడవదు. కాసేపు వింటుంది, తర్వాత లేచి గౌను దులుపుకుని మళ్ళీ లెక్కలు చేసుకుంటుంది. నాకు అదే బాగోలేదు" అంది టీచరు.

ఇంటికి వస్తూ పిల్లని అడిగాను, తలుపు చప్పుడుకి భయమేసిందా అని. భయం కాదంది. మిగతా పిల్లలు కూర్చోవడం మర్చిపోయారని, టీచరు కూడా మర్చిపోయిందని ఆరిందాలా చెప్పింది. ఆ రాత్రే ఇల్లు అమ్మేద్దామన్నాను.

మా వీధి పద్ధతి తెలియనివాళ్ళకి ఇది అర్థం కాదు. వీధికి పై కొసన ఒక ముఠా, కింది కొసన ఒక ముఠా. వాళ్ళ తగువు ఎక్కడ మొదలైందో వాళ్ళకే గుర్తులేదు. మధ్యలో మాలాంటి కాపురాలు. మలుపు దగ్గర మందుల షాపాయన కూర్చున్న చోటి నుంచి రెండు కొసలూ కనిపిస్తాయి. ఎక్కడైనా మనుషులు గుమిగూడుతున్నారనిపిస్తే ఆయన షట్టరు లాగేస్తాడు. ఆ చప్పుడు మాకు కబురు. అది వినిపించగానే చేతిలో పని అక్కడే వదిలేసి వంటింట్లోకి వెళ్ళి గోడ వెనక కూర్చోవాలి. కూర్చుని రెండో షట్టరు కోసం చెవులు రిక్కించాలి. లాండ్రీ వాడిది కూడా పడిందంటే గొడవ నిజం. పడకపోతే లేచి ఎవరి పని వాళ్ళు చూసుకోవచ్చు. ఇది ఎవరూ కూర్చుని రాసిన కట్టుబాటు కాదు. మాటలు రాని పిల్లలకి కూడా వచ్చు.

ఆ గోడ సంగతి కూడా చెప్పాలి. మా ఇల్లు ఒకప్పుడు రొట్టెల బట్టీ అట. బట్టీ ఎప్పుడో తీసేశారు. దాని గోడ మాత్రం ముందు గదికీ వంటింటికీ మధ్య మిగిలిపోయింది, మూరెడు మందంతో. మేకు కొడితే మేకు వంగుతుంది గానీ గోడకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అత్తయ్య ఆ గోడని మా మామగారి కన్నా ఎక్కువ నమ్మేది. నమ్మకానికి ఆయన ఎలాగూ తగడు, గోడ ఇంటిపట్టునైనా ఉంటుంది అనేది.

సెలవులు మొదలైన వారంలోనే ఒక సాయంత్రం షట్టరు పడింది. నేను ముందు గదిలో మిషను మీద ఉన్నాను. ఎండాకాలం వస్తే నాకు ఊపిరాడదు, బళ్ళు తెరిచేలోపు యూనిఫారాలు కుట్టి షాపుకి ఇవ్వాలి. కాలరు సగం కుట్టిన చొక్కా సూది కిందే వదిలేసి, పిచ్చుకని లాక్కుని గోడ వెనక్కి వెళ్ళాను. అత్తయ్య అప్పటికే కూర్చుని ఉంది. ఒక చెవి వినపడదామెకి, కానీ షట్టరు మాత్రం ఏ చెవితో వింటుందో గానీ అందరికంటే ముందు వింటుంది.

లాండ్రీ వాడిది పడింది. తర్వాత చెప్పుల షాపుది. తర్వాత పరుగులు. ఎవరో ఇనుప కడ్డీని షట్టర్ల మీద గీసుకుంటూ నడుస్తున్నారు, ఆ గీత మా వైపే వస్తోంది. నేను పిచ్చుక తల నా ఒళ్ళోకి నొక్కుకున్నాను. మా ఆయన డ్యూటీ దిగే వేళ అది. డిపో నుంచి నడిచొచ్చేది ఆ దారినే.

అప్పుడు మా తలుపు మీద దెబ్బ పడింది. కడ్డీ కాదు, చెయ్యి. అరచేత్తో కొడుతున్నారు. మాట లేదు, పిలుపు లేదు, కొట్టడమే. నా పై ప్రాణాలు పైనే పోయాయి. లేవబోయాను. అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది.

"వాడైతే అమ్మా అంటాడు" అంది, గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాకుండా.

మాట పడిపోయుంటే, అన్నాను. ఆమె చెయ్యి వదల్లేదు. వినపడే చెవిని తలుపు వైపు తిప్పింది. అవతల ఉన్నది తన కొడుకు కాదని ఆమెకి నాకంటే ఎక్కువేమీ తెలియదని అప్పుడర్థమైంది. తెలియకుండానే పట్టుకుంది, ఎందుకంటే ఇవతల మనవరాలుంది. చెయ్యి ఇంకొంచెంసేపు కొట్టింది, మెల్లగా కొట్టింది, తర్వాత ఏదో తలుపుకి ఆనుకుని కిందికి జారిన చప్పుడైంది. ఆ తర్వాత అడుగులు, ఈడ్చుకుంటూ పోవడం.

మా ఆయన వెనక సందులోంచి వచ్చాడు, చాలాసేపటికి, చెక్కుచెదరకుండా. మలుపు దగ్గర షట్టర్లు చూసి డిపోకే వెనక్కి తిరిగాడట. టీ కూడా తాగానన్నాడు. ఆ మాటకి నేను ఏడ్చాను, అత్తయ్య తిట్టింది, పిచ్చుక మా ముగ్గురి వైపూ చూసి తన బొమ్మల పుస్తకం తీసుకుంది.

తెల్లవారి చూస్తే తలుపు మీద చేతి గుర్తు, గడప మీద మరక. పై కొస కుర్రాడెవరో. ఆసుపత్రిలో ఉన్నాడని, గండం గడిచిందని మందుల షాపాయన చెప్పాడు. ఎవరి కొడుకో గానీ ఆ తల్లి బిడ్డకి నేను తలుపు తియ్యలేదు.

మొదటి బేరం వాళ్ళని బ్రోకరు తీసుకొస్తానన్నది సరిగ్గా ఆ పొద్దుటే. మా ఆయనా నేనూ బట్టల సబ్బుతో తలుపు తోమాం. ఎండ ముదిరేసరికి బ్రోకరు గొడుగేసుకుని, బుగ్గన లవంగం పెట్టుకుని వచ్చాడు. వెనక భార్యాభర్తలు. ఆవిడ తడి గడప చూసి, ఎంత శుభ్రంగా ఉంచుకున్నారో అని మెచ్చుకుంది. నేను నవ్వాను. ఆ నవ్వు నా ముఖం మీద అతికించినట్టుండి ఉంటుంది, ఎందుకంటే ఆవిడ తర్వాత ఏ గదినీ సరిగ్గా చూడలేదు. వాళ్ళు మళ్ళీ ఫోను చేయలేదు.

బ్రోకరు మాకు పాఠాలు మొదలుపెట్టాడు. తలుపుకి ఉన్న గడియలన్నీ తీయించి ఒక్కటే ఉంచాడు, అన్ని గడియలు చూస్తే చంటిపిల్లకి కూడా అనుమానం వస్తుందన్నాడు. కిటికీకి అడ్డంగా నిలబెట్టిన బీరువా పక్కకి జరిపించాడు. భద్రం అన్న మాట నోట రాకూడదన్నాడు, భద్రమైన చోట ఎవరూ ఆ మాట అనరట. ప్రశాంతం అనాలట. అత్తయ్యని కుర్చీలో కూర్చోబెట్టి నవ్వమన్నాడు. ఆమె ప్రయత్నం చూసి, వద్దులెండి, మామూలుగానే ఉండండి అన్నాడు.

గడియలు తీసేశాక నాకు నిద్ర కరువైంది. అమ్మకానికి ముస్తాబు చేసిన ఇంట్లో మేం దిగంబరంగా ఉన్నట్టుండేది. కిటికీలోంచి వీధి దీపం వెలుగు మంచం మీద పడేది. ఏ అడుగు వినిపించినా అది మా గుమ్మం దాటి పోయేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని. మా ఆయన గురక పెట్టేవాడు. మగవాళ్ళకి భయం వేస్తే నిద్ర పడుతుందనుకుంటా.

ఒక మధ్యాహ్నం బాబాయి వచ్చాడు. మాకు బాబాయేం కాదు. కింది కొస ముఠాకి పెద్ద, అందరూ అలాగే పిలుస్తారు, వేరేలా పిలిచే ధైర్యం లేక. ఇస్త్రీ మడత నలగని చొక్కా, మెత్తటి గొంతు. గుమ్మం బయటే నిలబడి, లోపలికి రావచ్చా అమ్మా అని అడిగాడు. ఒక్క గడియ ఉన్న తలుపు, అదీ తీసే ఉంది. రండి అనక ఏమంటాను.

మిషను పక్కన కూర్చుని, కుట్టిన చొక్కా ఒకటి చేతిలోకి తీసుకుని, కుట్టు బాగుందన్నాడు. అత్తయ్య ఆరోగ్యం అడిగాడు. పిచ్చుక ఏ క్లాసో అడిగాడు, చెప్పకముందే తనే చెప్పాడు.

"ఇల్లు అమ్ముతున్నారటగా. మంచిదే. మంచివాళ్ళకే అమ్మండి అమ్మా. అడ్డమైనవాళ్ళనీ తెచ్చి పెడితే వీధి పేరు పోతుంది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా వీధికి పోవడానికి ఇంకా పేరు మిగిలిందని ఆయన ఒక్కడే నమ్ముతున్నాడు. అలాగేనండీ అన్నాను.

ఆదివారం ఎవరో చూడటానికి వస్తున్నారని ఆయనకి అప్పటికే తెలుసు. మాకు బ్రోకరు చెప్పింది ఆ పొద్దుటే. ఆదివారం ఏ గొడవా ఉండదని, అటు వాళ్ళతో కూడా మాట్లాడానని, తన మాటగా ఉంచుకోమని చెప్పి లేచాడు. పోతూ పోతూ, మా ఆయన బస్సులో ఎప్పుడెక్కినా ముందు కూర్చోబెట్టి మర్యాద చేస్తాడని మెచ్చుకున్నాడు. మా ఆయన ఆయన్ని ఎక్కించుకున్నట్టు నాకు ఎన్నడూ చెప్పలేదు. రాత్రి అడిగితే, చెబితే భయపడతావని చెప్పలేదన్నాడు.

ఆయన వెళ్ళాక అత్తయ్య, అడక్కుండా చేసిన ఉపకారం కొరివి లాంటిదే అంది, దాంతో తల గోక్కోవడం మనవల్ల కాదంది. ఆదివారం దాకా మాకు అన్నం సహించలేదు. గొడవ జరుగుతుందన్న భయం ఎరిగినదే. జరగదని ఆయన మాటివ్వడం కొత్త భయం. దానికి బదులు ఏం అడుగుతాడో, ఎప్పుడు అడుగుతాడో.

ఆదివారం వచ్చింది. వీధి నిజంగానే నోట్లో వేలు పెడితే కొరకలేనట్టుంది. అరుగుల మీద ఎవరూ లేరు, మోటారు సైకిళ్ళు లేవు, కుక్కలు కూడా ఎక్కడికో పోయాయి. నేను పదేపదే కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాను. అలవాటైన చప్పుళ్ళు లేని ఆ వీధిని చూస్తుంటే, ఎవరో ఊపిరి పీల్చుకుని వదలడం మర్చిపోయినట్టనిపించింది.

వచ్చినవాళ్ళు ముగ్గురు. ఆయన కరెంటు పని చేస్తాడు, భవనాలు కట్టేచోట. ఆవిడ ఆసుపత్రిలో ఆయా. చంకలో నాలుగేళ్ళ పాప, బుగ్గలు ఇంతింత. మనిషి నెమ్మదస్తుడు. లోపలికి రాగానే జేబులోంచి టెస్టరు తీసి స్విచ్చులన్నీ చూసుకుంటూ పోయాడు. ఆవిడ మాత్రం స్విచ్చులూ గచ్చూ చూడలేదు. తలుపు చూసింది, గడియలు తీసేసిన చోట మేకుల రంధ్రాలు చూసింది, కిటికీ చూసింది, కిటికీకీ మంచానికీ మధ్య దూరం చూసింది. ఏమీ అనలేదు.

అత్తయ్య కుర్చీలో మామూలుగా ఉంది. మా ఆయన కడిగిన ముత్యంలా ఒక పక్కన నిలబడ్డాడు. బ్రోకరు లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకుంటూ నాకు కనుసైగ చేశాడు. నేను టీ గ్లాసులు అందిస్తూ, నేర్పిన పలుకు పలికాను.

"మా వీధి చాలా ప్రశాంతంగా ఉంటుందండీ."

షట్టరు పడింది.

ఆ క్షణంలో నేనేం ఆలోచించానని అడిగితే చెప్పలేను. ఆలోచన ఉంటేగా. ట్రే బల్ల మీద ఉందో నేల మీద ఉందో తెలియదు, పిచ్చుక రెక్క నా చేతిలో ఉంది, నా వీపు గోడకి ఆని ఉంది. అత్తయ్య నా పక్కన. మా ఆయన అత్తయ్య పక్కన, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని. ఆ చివర బ్రోకరు, గొడుగు గుండెలకి హత్తుకుని. ఇన్నాళ్ళూ మాకు పాఠాలు చెప్పిన మనిషికి ఆ గోడ వెనక తన చోటేదో ఎవరూ చూపించనక్కర్లేకపోయింది.

అందరం రెండో షట్టరు కోసం వింటున్నాం. ముందు గదిలోంచి కరెంటాయన గొంతు, అమాయకంగా.

"ఏమండీ, ఎక్కడికెళ్ళారందరూ?"

అప్పటికి నాకు తెలివొచ్చింది. అయిపోయింది అనుకున్నాను. కుట్టిందంతా ఒక్క దారం లాగగానే ఊడిపోయినట్టయింది. ఇక ఏ బేరమూ రాదు, ఇక ఈ పిల్ల ఇక్కడే, ఈ గోడ వెనకే పెద్దదవుతుంది. సిగ్గుతో తల పక్కకి తిప్పుకున్నాను.

పక్కన ఆవిడ ఉంది.

ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు. పాప తల ఒళ్ళోకి నొక్కుకుని, వీపు గోడకి ఆనించి, అచ్చం నేను కూర్చున్నట్టే కూర్చుని వింటోంది. పాప ఏడవడం లేదు. నోట్లో వేలు పెట్టుకుని, అది కూడా వింటోంది. మా ఇద్దరి కళ్ళూ కలిశాయి. రెండో షట్టరు పడలేదు.

"మీకు షట్టరా అక్కా?" అంది మెల్లగా. "మాకు ఈల."

నేను తల ఊపాను. ఆవిడ చేయి వెనక్కి పెట్టి గోడని పిడికిలితో కొట్టి చూసింది. ఇంకొంచెం పక్కన కొట్టింది.

"మాది రేకు గోడ" అంది.

ఆయన టీ గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి, వరసగా కూర్చున్న మమ్మల్ని చూసి ఆగిపోయాడు. పొద్దున్నే పనికి వెళ్ళి చీకటిపడ్డాక వచ్చే మనిషి. ఈల మోగే వేళల్లో ఇంట్లో ఎప్పుడూ ఉండి ఉండడు. ఏదైనా పడిపోయిందా, వెతుకుతున్నారా అని అడిగాడు. ఆవిడ లేచి చీర దులుపుకుని, ఏం లేదు, వంటిల్లు చూస్తున్నాం అంది.

తర్వాత తెలిసిందేమిటంటే మందుల షాపాయన మాకు మేలు చేద్దామనుకున్నాడు. బేరం వాళ్ళున్నప్పుడు షట్టరు కీచుమంటే బాగుండదని దానికి నూనె పెట్టాడు. నూనె ఎక్కువైంది. చేయి జారింది. ఆ సాయంత్రం ఆయన మా ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చుంటే అత్తయ్యే భుజం తట్టి ఓదార్చాల్సి వచ్చింది.

ఆవిడ రెండు రోజుల తర్వాత ఒక్కతే వచ్చింది, ఆసుపత్రి బట్టల్లోనే, డ్యూటీ నుంచి నేరుగా. బ్రోకరు లేడు. నేను మిషను ఆపాను. ఏం అడిగితే అది చెబుదామని ముందే అనుకున్నాను, అబద్ధం ఆడే ఓపిక నాలో అయిపోయింది. తీసుకోవద్దని కూడా చెప్పేదాన్నే, పిచ్చుక అక్కడ కూర్చుని కాగితాలు కత్తిరించుకోకపోతే.

ఏ వేళల్లో ఎక్కువ జరుగుతాయని అడిగింది. సాయంత్రాలని చెప్పాను. ఎండాకాలం ఎక్కువ, వానలు పడితే ఎవరిళ్ళలో వాళ్ళుంటారన్నాను. మాకు వానాకాలం కూడా సెలవు లేదక్కా అంది. తలుపు కొట్టిన చెయ్యి సంగతి కూడా చెప్పాను. మా ఇంటికి తలుపు సరిగ్గా పడదు, ఎవరైనా తోసుకు వచ్చేస్తారు అంది. బాబాయి గురించి చెబితే మాత్రం నవ్వింది. మొదటిసారి ఆవిడ నవ్వు అప్పుడే చూశాను.

"మాకూ ఉన్నాడు ఒకడు. అక్కడ మావయ్య అంటాం. ఈయన చుట్టరికం కొంచెం దూరమే, నయం."

అప్పుడు నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వాం, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా. ఆ తర్వాత ఆవిడ వంటింట్లోకి వెళ్ళి గోడ వెనక ఒక్కతే కాసేపు కూర్చుని వచ్చింది. ఎవరైనా కొత్త చెప్పులు వేసుకుని నాలుగడుగులు నడిచి చూసుకుంటారే, అలాగ. తీసుకుంటామంది.

నేను సంతోషించాలి. సంతోషించాను కూడా, లేదనను. కానీ ఆ రాత్రి పక్కన పిచ్చుక నిద్రపోతుంటే ఆ బుగ్గల పాపే కళ్ళ ముందు మెదిలింది. మా పిల్లని తీసేసిన చోట ఆ పిల్లని కూర్చోబెట్టి పోతున్నాం. ఆవిడకి అన్నీ తెలిసే కొంటోంది, రేకు గోడ కంటే బట్టీ గోడ మేలే. అయినా నాకు నిద్ర పట్టలేదు.

బళ్ళు తెరిచే ముందు వారం మేం ఇల్లు ఖాళీ చేశాం. కొత్త ఇల్లు ఊరికి అవతల, మా ఆయన డిపోకి దూరం, అయినా నేనే ఏరికోరి తీసుకున్నాను. మూడు వైపులా కిటికీలు. గోడలు పలచన, పక్కింటి వాళ్ళు దగ్గితే వినిపిస్తుంది. ఆ వీధిలో షట్టర్లున్న షాపులే లేవు. అత్తయ్య ఒకసారి చూసొచ్చి, ఇది ఇల్లు కాదు చిక్కం, అన్నీ కన్నాలే అంది. చిక్కమైనా సరే అన్నాను.

సామాను ఎక్కిస్తుంటే వాళ్ళ సామాను వచ్చింది. బాబాయి కూడా వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో. మాకు వీడ్కోలు చెప్పి, వాళ్ళకి స్వాగతం చెప్పాడు. నేను ఇంకా ఆయన ఏదైనా అడుగుతాడేమోనని బిక్కుబిక్కుమంటూనే ఉన్నాను. ఆయన కళ్ళు మా వైపు లేవు. కరెంటాయన భుజం మీద చెయ్యి వేసి, ఏ భవనాల్లో పని, ఎప్పుడు వెళ్తావు, ఎప్పుడొస్తావు అని ఆప్యాయంగా అడుగుతున్నాడు. ఆవిడ ఒక సంచీ కింద పెట్టి, అన్నిటికీ ముందు తనే జవాబులు చెబుతోంది, ఒక్కటి కూడా నిజం కాకుండా. ఆవిడ ముఖం చూస్తే నాకు తెలిసింది. ఆ ఇంటికి సరైన మనిషే వచ్చింది అనుకున్నాను, ఆ మాట అనుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

వ్యాను నిండింది. పిచ్చుక కనపడలేదు. పిలుస్తూ లోపలికి పరుగెత్తాను. ఖాళీ గదిలో నా గొంతే నాకు తిరిగొచ్చింది. వంటింట్లోంచి మాటలు వినిపిస్తే గుమ్మం దగ్గరే ఆగాను.

పిల్లలిద్దరూ గోడ వెనక కూర్చుని ఉన్నారు. మా పిచ్చుక పాప భుజాలు పట్టుకుని వెనక్కి జరుపుతోంది.

"ఇక్కడ కాదు, అక్కడ గాలి వస్తుంది. ఇంకా ఇటు. ఆ, ఇక్కడ. వీపు బాగా ఆనించు. చెవులు మూసుకోకూడదు, మూసుకుంటే రెండోది వినపడదు. ఎవరైనా తలుపు కొడితే అమ్మ లేస్తుంది కదా, అప్పుడు నువ్వు అమ్మ కొంగు పట్టుకోవాలి. గట్టిగా. నానమ్మ లేదుగా మీకు."

పాప బుద్ధిగా తల ఊపి, పక్కన ఉన్న గరిటె తీసుకుని నేల మీద కొట్టడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం ఆ తలుపు మోగుతున్నప్పుడు నా కొంగు ఎవరు పట్టుకున్నారో నాకు గుర్తులేదు. అత్తయ్య చెయ్యి ఒక్కటే గుర్తుంది. పిచ్చుక నా ఒళ్ళో తల పెట్టుకుని కళ్ళు మూసుకుందనుకున్నాను. అన్నీ చూసింది.

రమ్మన్నాను. లేచి గౌను దులుపుకుంది. పాపకి టాటా చెప్పి నా వేలు పట్టుకుంది. వ్యాను దగ్గర ఆగి నా వైపు చూసింది.

"అక్కడ ఏ గోడమ్మా?"

"అక్కడ అక్కర్లేదు పిచ్చుకా."

"ఎందుకు?"

"అక్కడి పిల్లలెవరూ అలా కూర్చోరు. అక్కడ అలాంటివి ఉండవు."

ఆలోచించింది. నేను దాని ముఖమే చూస్తున్నాను. నేను ఇల్లమ్మింది, గడియలు ఊడదీసింది, అన్నం మానేసింది, ఆ ముఖం కొంచెం విచ్చుకోవడం చూడటానికే. అది నా చెయ్యి తట్టింది, అత్తయ్య మందుల షాపాయన్ని తట్టినట్టే.

"వాళ్ళకి ఎవరూ చెప్పలేదేమోలే అమ్మా" అంది. "నేను నేర్పుతా."

మా ఆయన హారన్ కొట్టాడు. నేను దాన్ని ఎత్తి లోపల కూర్చోబెట్టి, పక్కన కూర్చుని, తలుపు చప్పుడు కాకుండా మెల్లగా వేశాను.